క్లాసు, పది నిమిషాల మాట, మాక్ డ్రిల్: కెమికల్ ప్లాంటులో భద్రత నేర్పడానికి ఏది మేలు?

నేను ఒక బల్క్ డ్రగ్ ప్లాంటులో షిఫ్ట్ ఇన్‌చార్జిగా ఉన్న రోజుల్లో, ఒక రాత్రి కాస్టిక్ లై (చర్మాన్ని, కళ్లను కాల్చే క్షార ద్రావణం) ఛార్జ్ చేస్తుంటే, అంటే పైపుతో నింపుతుంటే, హోస్ పైపు ఊడి ఒక హెల్పర్ ముఖం మీద చిమ్మింది. గొలుసు లాగితే ఒంటి మీద నీళ్లు పడే సేఫ్టీ షవర్ అతను నిలబడ్డ చోటుకు ఎనిమిది అడుగుల దూరం. అతను అటు వెళ్లలేదు. కళ్లు మూసుకునే, రెయిలింగ్ పట్టుకుని మెట్లు దిగి, కింద బాత్రూం పక్కనున్న కుళాయి దగ్గరికి పోయాడు. రోజూ డ్యూటీ అయ్యాక చేతులు కడుక్కునేది అక్కడే మరి. చూపు దక్కింది కానీ ఒక కంటికి నెలల తరబడి చికిత్స పట్టింది.

మర్నాడు ట్రైనింగ్ రిజిస్టర్ తీసి చూశాను. కంట్లో రసాయనం పడితే వెంటనే 15 నిమిషాల పాటు నీళ్లతో కడగాలని, షవర్ ఎక్కడుందో చూసుకోవాలని అతనికి రెండుసార్లు క్లాసు జరిగింది. రెండు చోట్లా సంతకం ఉంది. కోలుకున్నాక అడిగితే 15 నిమిషాలన్న లెక్క కూడా తప్పు లేకుండా చెప్పాడు. "షవర్ ఉందని తెలుసు సార్, ఆ టెన్షన్‌లో కాళ్లు అటు పోలేదు" అన్నాడు.

ఆ తర్వాత సేఫ్టీ వైపు మారాను. భద్రత ఎలా నేర్పాలన్న ప్రశ్నకు నేను వెతుక్కున్న జవాబులన్నీ ఆ రాత్రి నుంచే మొదలయ్యాయి. మన ప్లాంట్లలో సాధారణంగా కనిపించేవి మూడు: క్లాసు రూములో పాఠం, షిఫ్ట్ మొదట్లో టూల్‌బాక్స్ టాక్ అని పిలిచే పది నిమిషాల మాట, అప్పుడప్పుడు ప్రమాదం జరిగినట్టు నటించి చేసే మాక్ డ్రిల్. నాలుగోది కూడా ఒకటుంది, దానికి రిజిస్టర్‌లో గడి ఉండదు: పని జరిగే చోటే చేయించి నేర్పడం.

క్లాసు దేనికి పనికొస్తుంది

క్లాసును తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. కంటికి కనబడని ప్రమాదాన్ని వివరించడానికి అంతకన్నా మంచి చోటు లేదు. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం ఉంటుంది. 19.5 కన్నా తగ్గితే మామూలు మాస్క్‌తో రియాక్టర్‌లోకి (రసాయనాలు కలిపి చర్య జరిపే పాత్ర) గానీ ట్యాంకులోకి గానీ దిగకూడదు. నైట్రోజన్ నింపిన రియాక్టర్ మ్యాన్‌హోల్‌లో తల పెడితే వాసన రాదు, దగ్గు రాదు, గొంతు మండదు. ఒకటి రెండు ఊపిర్లకే మనిషి కుప్పకూలుతాడు. ఇది అనుభవం మీద నేర్చుకునే సంగతి కాదు, ముందే తెలిసి ఉండాలి. హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన కోడిగుడ్ల వాసన వేస్తుందని అందరికీ తెలుసు. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి ఆ వాసన తెలియకుండా పోతుందని చాలామందికి తెలియదు. "వాసన తగ్గిందిలే" అని లోపలికి అడుగు వేసే మనిషిని ఆపాలంటే ఈ ఒక్క ముక్క అతనికి ముందే చెప్పి ఉండాలి.

పొడి సంగతీ అంతే. 2025 జూన్ 30న పాశమైలారంలో పేలుడు జరిగి 40 మందికి పైగా ప్రాణాలు పోయిన ప్లాంటులో తయారయ్యేది మాత్రల్లో కలిపే సెల్యులోజ్ పొడి. అక్కడ ఏం జరిగిందన్నది విచారణలు తేల్చాల్సిన విషయం. కానీ ఆ వారం నన్ను ఎంతమంది అడిగారో, "పిండి లాంటిది ఎలా పేలుతుంది సార్?" అని. కుప్పగా ఉన్న పొడి మెల్లగా కాలుతుంది. అదే పొడి గాలిలో మేఘంలా లేస్తే ప్రతి రేణువు చుట్టూ గాలి ఉంటుంది, మంట ఒక్కసారిగా అంతటా అంటుకుంటుంది. బోర్డు మీద బొమ్మ గీసి చెబితే ఐదు నిమిషాల్లో అర్థమవుతుంది. అర్థమైన మనిషి దూలాల మీద పేరుకున్న దుమ్మును కంప్రెస్డ్ ఎయిర్‌తో ఊదడం మానేస్తాడు.

ఇక క్లాసుల్లో నిజంగా జరిగేది చూడండి. అరవై స్లైడ్లు, అన్నీ ఇంగ్లిష్‌లో. ఎదురుగా కూర్చున్నవాళ్లలో సగం మంది ఒడిశా, బీహార్, ఝార్ఖండ్ నుంచి వచ్చిన కాంట్రాక్ట్ కార్మికులు. మన తెలుగు హెల్పర్లకైనా ఆ స్లైడ్ల భాష అందదు. నైట్ డ్యూటీ దిగినవాళ్లను బస్సు ఎక్కనివ్వకుండా కూర్చోబెడితే వాళ్లు నిద్రను ఆపుకోవడంలోనే ఉంటారు. అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది మరమ్మతుల కోసం ప్లాంటు ఆపే షట్‌డౌన్ సమయం. ట్యాంకు శుభ్రం చేయడానికి, వెల్డింగ్‌కు, పెయింటింగ్‌కు మూడు నాలుగు రోజుల కోసం వచ్చేవాళ్లకు గేటు దగ్గర ఒక వీడియో చూపించి పాస్ ఇచ్చేస్తారు. ప్లాంటులో అతి ప్రమాదకరమైన పనులు చేసేది వాళ్లే, అతి తక్కువ నేర్చుకుని లోపలికొచ్చేదీ వాళ్లే.

2006లో అమెరికన్ జర్నల్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌లో మైఖేల్ బర్క్ బృందం 95 అధ్యయనాలను కలిపి ఒక విశ్లేషణ ప్రచురించింది. ఉపన్యాసాలు, వీడియోల లాంటి పద్ధతులతో పోలిస్తే, మనిషి చేత చేయించి తప్పులు సరిదిద్దుతూ నేర్పే పద్ధతులతో విషయం, పని నేర్చుకోవడం సుమారు మూడు రెట్లు ఎక్కువగా ఉందని తేల్చింది. నా అనుభవం కూడా అదే చెబుతోంది.

పది నిమిషాల మాట

ఖర్చు లేనిది, రోజూ జరిగేది, పని దగ్గరే జరిగేది. కాగితం మీద చూస్తే టూల్‌బాక్స్ టాక్‌కు మించింది లేదు. కానీ చాలా ప్లాంట్లలో ఇది ప్రార్థనలా తయారైంది. "హెల్మెట్ పెట్టుకోండి, గాగుల్స్ పెట్టుకోండి, జాగ్రత్తగా పని చేయండి." నిన్నా ఇదే, రేపూ ఇదే. మూడో రోజుకు చెవులు వాటంతట అవే మూసుకుంటాయి.

నేను పెట్టుకున్న నియమం ఒకటే: ఇవాళ ఈ బ్లాకులో జరగబోయే ఒక్క పని గురించే మాట్లాడాలి, అదీ అడిగే పద్ధతిలో. "తమ్ముడూ, ఇవాళ టోలుయీన్ సాల్వెంట్ డ్రమ్ము నువ్వేగా ఛార్జ్ చేసేది? ఎర్తింగ్ క్లాంపు ఎక్కడ తగిలిస్తావు?" అతను డ్రమ్ము పెయింట్ మీద తగిలిస్తానంటే అక్కడే ఆపి, క్లాంపు పళ్లు పెయింట్‌ను చీల్చి ఇనుముకు తాకాలని చూపించవచ్చు. సాల్వెంట్‌ను ప్లాస్టిక్ బకెట్‌లో పడతానంటే ప్లాస్టిక్‌కు ఎర్తింగ్ పనిచేయదని, సాల్వెంట్ పారేటప్పుడు పుట్టే స్టాటిక్ విద్యుత్తు ఎటూ పోలేక నిప్పురవ్వగా మారుతుందని అప్పుడే చెప్పవచ్చు. ఆ మాట అతను పది నిమిషాల తర్వాత వాడబోతున్నాడు కాబట్టి గుర్తుంటుంది.

దీనిలో ఇంకో లాభం ఉంది, క్లాసులో అది దొరకదు. కార్మికుడు తిరిగి చెబుతాడు. "సార్, మూడో సెంట్రిఫ్యూజ్ ఇంటర్‌లాక్ పనిచేయట్లేదు, మెషీన్ తిరుగుతుండగానే మూత తెరుచుకుంటోంది." (సెంట్రిఫ్యూజ్ అంటే వేగంగా తిప్పి ద్రవాన్ని వేరుచేసే యంత్రం, అది ఆగేదాకా మూత తెరుచుకోకుండా ఆపేది ఇంటర్‌లాక్.) ఇలాంటి మాట నాకు ఆడిట్ రిపోర్టుల్లో కన్నా ఈ పది నిమిషాల్లోనే ఎక్కువసార్లు దొరికింది. అయితే చెప్పిన మర్నాడు ఆ ఇంటర్‌లాక్ బాగుపడాలి. బాగుపడకపోతే మళ్లీ ఎవరూ నోరు తెరవరు.

లోపం ఎక్కడంటే, అంతా చెప్పే మనిషి మీదే ఆధారపడి ఉంటుంది. షిఫ్ట్ మారే సమయంలో దిగేవాళ్లకు బస్సు తొందర, ఎక్కేవాళ్లకు బ్యాచ్ తొందర. షిఫ్ట్ ఇన్‌చార్జికే ఆసక్తి లేకపోతే పది నిమిషాలు రెండు నిమిషాలై, చివరికి సంతకాలొక్కటే మిగులుతాయి. భాష కూడా అడ్డే. ఒడియా కార్మికులున్న బ్లాకులో, వాళ్లలోనే రెండు భాషలు తెలిసిన ఒకరిని పక్కన నిలబెట్టి చెప్పించాను. నేను చెప్పిన దానికన్నా అతను చెప్పిందే వాళ్లకు ఎక్కువ పట్టింది.

మాక్ డ్రిల్

మిగతా రెండూ నేర్పుతాయి. ఇది పరీక్షిస్తుంది. పది రోజుల ముందే తేదీ చెప్పి, పగలు పదకొండు గంటలకు సైరన్ మోగించి, అందరూ నవ్వుకుంటూ అసెంబ్లీ పాయింట్‌కు (ప్రమాదమైతే అందరూ చేరాల్సిన చోటు) నడిచి, ఫొటో దిగే డ్రిల్ వల్ల దారి ఎటో తెలుస్తుంది, అంతే. చెప్పకుండా చేసిన ఒక డ్రిల్‌లో మాకు తెలిసిన సంగతులు వేరు. గేటు రిజిస్టర్‌లో ఉన్న కాంట్రాక్ట్ కార్మికుల సంఖ్యకు, అసెంబ్లీ పాయింట్‌లో తేలిన తలల లెక్కకు పొంతన లేదు. ఎవరు లోపల ఉండిపోయారో తెలియకుండా ఎవరిని వెతకడం? గాలి ఎటు వీస్తోందో చూపే విండ్ సాక్ చెట్టు కొమ్మల చాటున ఉంది. గ్యాస్ లీకైతే గాలికి అడ్డంగా పక్కకు పోవాలని అందరూ చెప్పగలరు, గాలి ఎటు ఉందో మాత్రం ఒక్కరూ చూడలేదు. ఇవి ఏ క్లాసులోనూ బయటపడేవి కావు.

రాత్రి డ్రిల్ జరగని ప్లాంటును నేను డ్రిల్ జరగని ప్లాంటుగానే లెక్కేస్తాను. ప్రమాదాలన్నీ రాత్రే జరుగుతాయని కాదు. పాశమైలారం పేలుడు పొద్దున జరిగింది, 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో 17 మందిని బలిగొన్నది మధ్యాహ్నం. కానీ భోపాల్‌లో 1984 డిసెంబర్ 2 రాత్రి, విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో 2020 మే 7 తెల్లవారుజామున విషవాయువు ఊళ్ల మీదికి వచ్చినప్పుడు జనం నిద్రలో ఉన్నారు. రాత్రి ప్లాంటులో మనుషులు తక్కువ, మేనేజర్లు ఉండరు, నిర్ణయం తీసుకోవాల్సింది షిఫ్ట్ కెమిస్ట్ ఒక్కడే. ఆ కుర్రాడికి పరీక్ష పెట్టకుండా పగటి మేనేజర్లకు పెట్టి ఏం లాభం?

ఇబ్బందులూ నిజమే. నడుస్తున్న రియాక్షన్‌ను మధ్యలో వదిలి అందరినీ బయటికి లాగితే అదే కొత్త ప్రమాదం. కాబట్టి ఉత్పత్తి విభాగంలో ఒక్కరికైనా ముందే చెప్పి, బ్యాచ్ చూసుకుని, ఏ ఆపరేటర్ కదలకూడదో తేల్చుకుని చేయాలి. ఇంత పని ఉంది కాబట్టి ఏడాదికి ఎన్నోసార్లు కుదరదు.

ఒక్క డ్రిల్ మాత్రం వాయిదా వేయకూడదు: ట్యాంకులో మనిషి పడిపోతే ఏం చేయాలన్నది. ఇలాంటి మూసుకున్న చోట్ల పోయినవాళ్లలో 60 శాతానికి పైగా కాపాడటానికి దిగినవాళ్లేనని అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ 1986లోనే చెప్పింది. తోటివాడు కళ్లముందు పడిపోతే దూకేయడం మనిషి స్వభావం, మంచి స్వభావం కూడా. దిగకుండా ఆగి, పైనుంచి తాడుతో లాగడం, గాలి సిలిండర్ సెట్ వేసుకున్నాకే దిగడం శరీరానికి అలవాటు కావాలి. బస్తాలో ఇసుక నింపి ట్యాంకులో పెట్టి, ట్రైపాడ్‌తో (కప్పీ తగిలించే మూడు కాళ్ల స్టాండు) పైకి లాగించి చూడండి. మొదటిసారి ఎంతసేపు పట్టిందో చూసి మాకే గుండె జారింది.

నా ఓటు దేనికి

పని జరిగే చోట చేయించి నేర్పడానికే. కాస్టిక్ ప్రమాదం తర్వాత నేను చేసింది ఇదే. ప్రతి హెల్పర్‌ను అతని చోట నిలబెట్టి, కళ్లకు గుడ్డ కట్టి, సేఫ్టీ షవర్ దాకా నడిచి గొలుసు లాగమన్నాను. పక్కన ఇద్దరు పట్టుకోవడానికి ఉన్నారు. మొదటి రోజు సగం మంది దారి తప్పారు. ఒకతను అడ్డంగా పెట్టిన డ్రమ్ములకు గుద్దుకున్నాడు. అంటే షవర్ దారిలో డ్రమ్ములు పెడుతున్నామని అప్పుడు తెలిసింది. నాలుగు వారాలకు అందరూ నిమిషం లోపే చేరుకున్నారు. గడువు తీరిన అగ్నిమాపక సిలిండర్లు రీఫిల్‌కు వెళ్లే ముందు మిగిలిన పౌడర్‌ను వాళ్ల చేతే కొట్టించాను. పిన్ను లాగడానికి ఎంత బలం కావాలో, పౌడర్ అర నిమిషం కూడా రాదని చేతికి తెలియాలి.

ఈ పద్ధతికి ఒక జాగ్రత్త అవసరం. "పాతవాళ్ల దగ్గర చూసి నేర్చుకో" అని వదిలేస్తే అది నేను చెప్పే పద్ధతి కాదు. సీనియర్ అన్న నేర్పే పనితనంతో పాటు అడ్డదారులూ వస్తాయి, ఆగకముందే సెంట్రిఫ్యూజ్ మూత ఎత్తడం లాంటివి. ఏది సరైన పద్ధతో తెలిసిన మనిషి పక్కనుండాలి.

ఇంకో మాట. ఇదంతా నేర్పిన తర్వాత కూడా, తుప్పు పట్టిన పైపును, పనిచేయని గ్యాస్ డిటెక్టర్‌ను కార్మికుడి జాగ్రత్త భర్తీ చేయలేదు. ప్రమాదం జరిగాక "ట్రైనింగ్ ఇచ్చాం, సంతకం ఉంది" అనడానికి రిజిస్టర్‌ను వాడుకోవడం నాకు సహించదు. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో 111-ఏ సెక్షన్ చేర్చినప్పుడు శిక్షణను కార్మికుడి హక్కుగా రాశారు, యజమానికి రక్షణగా కాదు.

యాభై అరవై మందితో నడిచే చిన్న యూనిట్ అయి, సేఫ్టీ ఆఫీసర్ లేకపోతే నేనిలా చేస్తాను. కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి రోజు వాళ్ల భాషలో గంట క్లాసు, ఆ ప్లాంటులో ఉన్న రసాయనాల గురించే. రోజూ షిఫ్ట్ మొదట్లో ఒక్క పని, ఒక్క ప్రశ్న. వారానికో గంట చేయించి నేర్పడం. ఆరు నెలలకో డ్రిల్, రెండిట్లో ఒకటి రాత్రి. వీటన్నిటికన్నా ముందు, ఈ రాత్రే పది గంటలకు మొదలయ్యే షిఫ్ట్‌కు వెళ్లి ప్రతి సేఫ్టీ షవర్ గొలుసు లాగి నీళ్లు వస్తున్నాయో లేదో చూస్తాను.