ది స్ట్రేంజర్స్ చైల్డ్: అసలు సంగతి చెప్పకుండా దాటేసే నవల

మొదటిసారి ఈ పుస్తకాన్ని రెండో భాగంలోనే వదిలేశాను. మొదటి భాగం 1913. పేజీ తిప్పితే 1926. ఈలోగా ప్రపంచయుద్ధం అయిపోయింది, నిన్నటిదాకా వాగిన కుర్రాడు పాలరాతి బొమ్మై సమాధి మీద పడుకున్నాడు, ఎవరు ఎవర్ని చేసుకున్నారో మనమే కూపీ లాగాలి. డాఫ్నీ అనే అమ్మాయి ఒక్కతే నవల అయ్యేలోపు మూడుసార్లు ఇంటిపేరు మారుస్తుంది! రెండోసారి వెనక అట్ట లోపల పెన్సిల్‌తో వంశవృక్షం గీసుకుంటే గాని పట్టు చిక్కలేదు.

ఆలన్ హాలింగ్‌హర్స్ట్ 2011లో వెలువరించిన నవల. కవి సెసిల్ తన కేంబ్రిడ్జి స్నేహితుడు జార్జ్ ఇంటికొస్తాడు. ఇద్దరూ చాటుగా ప్రేమికులు. జార్జ్ చెల్లెలు, పదహారేళ్ల డాఫ్నీ, ఆటోగ్రాఫ్ పుస్తకం ఇచ్చి ఏదైనా రాయమంటే అందులో పెద్ద కవితే రాసిపోతాడు. అది తన కోసమేనని ఆ పిల్ల మురిసిపోతుంది. యుద్ధంలో అతను చనిపోయాక దేశమంతా ఆ కవితే. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో సైన్యంలో ఉండగా పోయిన ఇంగ్లీషు కవి రూపర్ట్ బ్రూక్ గుర్తురాక మానడు. కవిత నిజంగా ఎవరి కోసం? దాదాపు నూరేళ్లు ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

నాకు బాగా పట్టుకున్నది కోర్లీ కోర్ట్, సెసిల్ వాళ్ల విక్టోరియా కాలపు బంగళా. పాతవాసన అని 1926లో దాని నగిషీ పైకప్పుకి అడ్డంగా పలకలు కొట్టేస్తారు. 1967కి అది బడి. అక్కడి మాస్టారు పీటర్‌కి ఆ పాతవాసనే ముద్దు. బ్యాంకు గుమాస్తా పాల్‌తో అతని ప్రేమా అప్పుడే మొదలవుతుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 21 నిండిన మగవాళ్ల మధ్య ఏకాంతంలో జరిగేది నేరం కాదని చట్టం వచ్చింది ఆ జూలైలోనే. నవలలో చట్టం గురించి ఉపన్యాసం లేదు, పలకల వెనక దాచేసిన ఆ పైకప్పు చాలు. 2008 భాగానికి వచ్చేసరికి మగవాడి సహచరుడు మగవాడంటే ఎవరూ తల తిప్పి చూడరు.

సెసిల్ జీవితచరిత్ర రాస్తానని పాల్ బయల్దేరే నాలుగో భాగం మాత్రం సాగింది, సాగింది, సాగింది. మనిషి కూడా నచ్చడు. ఎవరి రహస్యమైనా తన సొత్తే అన్నట్టు తవ్వుతాడు. ఎనభై దాటిన డాఫ్నీ అతని ప్రశ్నలకి మాట మార్చేస్తుంటే, అబద్ధమని తెలిసి కూడా, నేను ఆవిడ పక్షమే.