విమానంలో ఇంటిల్లిపాదికీ పక్కపక్క సీట్లు: ముందే డబ్బు కట్టడమా, ఉచిత సీట్ల కోసం ఆగడమా?

వేసవి సెలవులు, దసరా దగ్గర పడుతున్నాయంటే శంషాబాద్ నుంచి పెద్ద కుటుంబంతో బయలుదేరే బంధుమిత్రులు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. టికెట్లు కొన్నరోజే సీట్లకు విడిగా డబ్బు కట్టి ఎంచుకోవడం మేలా, లేక వెబ్ చెక్-ఇన్ (ఇంటర్నెట్‌లోనే సీటు ఖాయం చేసుకుని బోర్డింగ్ పాసు తీసుకోవడం) మొదలయ్యేదాకా ఆగి ఉచితంగా వచ్చినవి తీసుకోవడం మేలా అని. రెండింటికీ తగిన సందర్భాలున్నాయి. అయితే ఈ రెండింటికంటే ముందు తేల్చుకోవలసిన విషయం ఇంకొకటి ఉందని, చాలామంది ఇబ్బంది అక్కడే మొదలవుతున్నదని నా అభిప్రాయం.

మన దేశంలో ఎక్కువగా తిరిగే ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 విమానాల్లో నడవకు అటు మూడు, ఇటు మూడు సీట్లుంటాయి. శంషాబాద్ నుంచి రాజమహేంద్రవరం వంటి దగ్గరి ఊళ్లకు నడిచే ఏటీఆర్ విమానాల్లోనైతే అటు రెండు, ఇటు రెండే. అందువల్ల పదిమందీ ఒకే చోట కూర్చోవడం ఎంత డబ్బు కట్టినా కుదరదు. కుదిరేదల్లా ఎవరి పక్కన ఎవరు తప్పనిసరిగా ఉండాలో చూసి, ఇద్దరిద్దరుగా ముగ్గురుముగ్గురుగా జట్లు కట్టుకోవడమే. చంటిబిడ్డ తల్లికి చేతికింద ఒక మనిషి కావాలి. మొదటిసారి విమానమెక్కే, తెలుగు తప్ప మరో భాష రాని పెద్దావిడకు బెల్టు పెట్టడానికి, సిబ్బందిని మంచినీళ్లు అడిగిపెట్టడానికి పక్కన ఇంటివాళ్లు ఉండాలి. మాటిమాటికీ లేవవలసిన పెద్దాయనకు నడవ పక్క సీటు కావాలి. కాలేజీ పిల్లలు ఎక్కడ కూర్చున్నా నష్టం లేదు.

ముందే డబ్బు కట్టి ఎంచుకోవడంలోని లాభం నిశ్చింత. దేశీయ ప్రయాణాల్లో మామూలు వరుసల్లోని సీటుకు కొన్ని వందల రూపాయలు అవుతుంది, కాళ్లు చాపుకునే వీలున్న ముందు వరుసలకు అంతకు బాగా ఎక్కువ. కిటికీ, నడవ పక్కవాటికంటే మధ్య సీటు, ముందు వరుసలకంటే వెనక వరుసలు సాధారణంగా చవక. పదిమందికి రానూ పోనూ లెక్క వేస్తే అది ఇంకొక టికెట్టు ఖరీదుకు చేరుతుంది కాబట్టి, అందరికీ కట్టేయమని నేను ఎవరికీ చెప్పను.

ఉచిత సీట్ల దారి, అంటే వెబ్ చెక్-ఇన్, ప్రయాణానికి సాధారణంగా 48 గంటల ముందు తెరుచుకుంటుంది. వారం మధ్యలో, ఖాళీలున్న విమానంలో ఇది చక్కగా పనిచేస్తుంది. సంక్రాంతికి విశాఖపట్నం వెళ్లే విమానంలో ఆ వేళకు మిగిలేవి అక్కడొకటి ఇక్కడొకటి మధ్య సీట్లే. పిల్లల విషయంలో మాత్రం ఒక రక్షణ ఉంది. 2024 ఏప్రిల్‌లో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ, 12 ఏళ్ల లోపు పిల్లలకు, అదే పీఎన్ఆర్ (ఒక బుకింగ్ మొత్తానికి కలిపి ఇచ్చే నంబరు) మీద ప్రయాణించే తల్లిదండ్రుల్లో లేదా సంరక్షకుల్లో కనీసం ఒకరి పక్కన సీటు ఇవ్వాలని విమాన సంస్థలను ఆదేశించింది. ఈ ఆదేశం తెలిసినవారు కూడా అందులోని మూడు హద్దులను గమనించడం లేదు. అది 12 ఏళ్ల లోపు పిల్లలకే గాని పెద్దవాళ్లకు వర్తించదు. ఒక్కరి పక్కన చోటిస్తే చాలు, ఇంకొకరు ఎక్కడో ఉండవచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ ఒక్కరు అదే పీఎన్ఆర్‌లో ఉండాలి.

నేను ముందు చెప్పిన, తొలుత తేల్చుకోవలసిన విషయం ఈ పీఎన్ఆర్ విభజనే. చాలా వెబ్‌సైట్లలో ఒక బుకింగ్‌లో తొమ్మిదిమందికి మించి కుదరదు కాబట్టి పెద్ద కుటుంబం ఎలాగూ విడిపోవలసి వస్తుంది. తొమ్మిదిమంది లోపువాళ్లు కూడా ధర కోసం తామే విడిపోతుంటారు. విమాన సంస్థలు ఒకే విమానంలోని సీట్లను ధరల మెట్లుగా అమ్ముతాయి, ఎనిమిదిమందికి ఒకేసారి వెతికినప్పుడు చవక మెట్టులో నాలుగే మిగిలి ఉంటే సాధారణంగా ఎనిమిదింటికీ పై మెట్టు ధరే చూపిస్తాయి. నలుగురేసి చొప్పున కొంటే మొదటి నలుగురికి చవక. ఈ పొదుపు నిజమైనదే, దాన్ని నేను తప్పుపట్టను. అయితే తొందరలో తాతగారు, నానమ్మ, ఇద్దరు మనవలు ఒక టికెట్టులోను, తల్లిదండ్రులు మరొక టికెట్టులోను పడ్డారంటే, ఆ పిల్లలకు తల్లి పక్కన సీటు అడిగే ఆధారం పోయినట్లే. విమానం రద్దై వేరేదానిలోకి మార్చవలసి వచ్చినప్పుడు కూడా ఒక పీఎన్ఆర్ వాళ్లను సాధారణంగా కలిపే పంపుతారు, వేరు పీఎన్ఆర్‌ల వాళ్లు బంధువులన్న సంగతి మనం చెబితే తప్ప వారికి తెలిసే వీలు లేదు. అందుకే విడగొట్టేటప్పుడు వంటింటి లెక్క చూడాలి. ఒక పొయ్యి మీద తినేవాళ్లు ఒక టికెట్టులో, ప్రతి పిల్లవాడూ తన తల్లి లేదా తండ్రి ఉన్న టికెట్టులో, వీల్‌ఛెయిర్ కావలసిన పెద్దలు తమను చూసుకునేవారి టికెట్టులో ఉండాలి. ఇది సరిగా జరిగితే ఉచిత సీట్ల దారి కూడా చాలావరకు ఫలిస్తుంది, ఇది తప్పితే డబ్బు కట్టినా చిక్కులు మిగులుతాయి.

ఇటీవల మా ఇంటి నుంచి కాశీకి వెళ్లినప్పుడు నేను చేసింది మధ్యేమార్గం. అత్తగారు, మామగారు, మేమిద్దరం, మా పిల్లలిద్దరూ ఒక పీఎన్ఆర్‌లో. మరిది, తోడికోడలు, వాళ్ల అయిదేళ్ల అమ్మాయి, చంటివాడు, మామగారి అక్కగారు రెండో పీఎన్ఆర్‌లో. డబ్బు కట్టింది అయిదు సీట్లకే. మామగారికి నడవ పక్క, ఆయనను ఆనుకుని అత్తగారు. తోడికోడలికి చంటివాడితో కిటికీ దగ్గర, మధ్యలో అమ్మాయి, ఆ చివర నడవ పక్క పెద్దావిడ. ఎనిమిదేళ్ల మా చిన్నవాడికి నా పక్కన చోటు ఆ ఆదేశం ప్రకారమే ఉచితంగా వచ్చింది. మావారు, మా పెద్దవాడు, మరిది ఎక్కడో వెనక కూర్చున్నారు, రెండు గంటలకు కాస్త అటూ ఇటూగా ఉండే ప్రయాణంలో వాళ్లకు లోటేమీ అనిపించలేదు. అవసరమున్న సీట్లకు మాత్రమే ముందుగా డబ్బు కట్టి మిగిలినవాటికి ఆగడం మేలని నేను గట్టిగా అనేది ఇందుకే.

చంటిపిల్లలు ఇద్దరున్న కుటుంబాలు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. ఈ విమానాల్లో మూడేసి సీట్ల గుంపుకు సాధారణంగా నాలుగు ఆక్సిజన్ మాస్కులే ఉంటాయి కాబట్టి, ఒళ్లో బిడ్డతో ఇద్దరు తల్లులను ఒకే గుంపులో కూర్చోనివ్వరు. అక్కాచెల్లెళ్లిద్దరికీ ఒళ్లో బిడ్డలుంటే నడవకు అటొకరు ఇటొకరు, ఎదురుబొదురు నడవ సీట్లు తీసుకోవడం మంచిది. అత్యవసర ద్వారం వరుస విశాలంగా ఉందని పిల్లలకు, వృద్ధులకు, గర్భిణులకు తీసుకోకూడదు, సిబ్బంది అక్కడి నుంచి లేపి వేరే చోటికి మారుస్తారు.

మిగిలిన దారుల గురించి చెప్పవలసింది కొద్దే. తొమ్మిదిమంది దాటితే గ్రూప్ బుకింగ్ ఉంది, పెళ్లివారికి అది తగినది గాని, ధర ఎప్పుడూ తక్కువే వస్తుందన్న నమ్మకం లేదు. సీటు ఎంపిక కలిసివచ్చే ఖరీదైన టికెట్టు, భోజనం, అదనపు సామాను కూడా కావలసినవారికే గిట్టుబాటు. విమానాశ్రయం కౌంటర్‌లో అడిగిచూద్దామనుకుంటే, కౌంటర్లు తెరవగానే చేరుకునే ఓపిక ఉండాలి. లోపలికెక్కాక పక్కవారిని బతిమాలి మార్చుకోవడం చివరి ఆశ మాత్రమే, అప్పుడు కూడా కిటికీ సీటు అడిగి మధ్య సీటు ఇవ్వజూపడం న్యాయం కాదు.

డబ్బు కట్టినవారైనా ప్రయాణానికి రెండు రోజుల ముందు ఒకసారి బుకింగ్ తెరిచి సీట్ల నంబర్లు సరిచూసుకోవాలి. విమానం మారితే వరుసలూ మారతాయి, ఎంచుకున్న సీట్లు చెదిరిపోవచ్చు. అప్పుడే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, రెండు పీఎన్ఆర్ నంబర్లూ చెప్పి, తిరిగి కలపమని అడగాలి. అదే చోటు ఇవ్వలేమంటే సీటుకు కట్టిన సొమ్ము వెనక్కి ఇమ్మని కూడా ఆ ఫోన్‌లోనే అడగవచ్చు.