హాస్కెల్ ‘క్రాన్’ లైబ్రరీ: పార్సర్ భేష్, షెడ్యూలర్ అంతంతే

హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషకి ప్యాకేజీలు దొరికే హ్యాకేజ్‌లో ‘క్రాన్’ పేరుతో ఒక లైబ్రరీ ఉంది, చెప్పిన వేళకు పనులు నడిపే యునిక్స్ క్రాన్ లాంటిది. దాన్ని చాన్నాళ్లుగా వాడుతున్నాను. రాత్రి రిపోర్టులు, రిమైండర్ మెయిళ్లు, పాత ఫైళ్లు ఊడ్చే పనులు అన్నీ దానిమీదే. ఇందులో మనం రాసిన షెడ్యూల్‌ని చదివి అర్థం చేసుకునే (పార్స్ చేసే) భాగం ఒకటి, వేళకు పని నడిపే భాగం (షెడ్యూలర్) ఇంకొకటి. మొదటిదానికి పదికి తొమ్మిది ఇస్తాను. రెండోదానికి ఐదు, అదీ మొహమాటానికి.

పార్సర్‌ని అట్టోపార్సెక్ అనే పార్సింగ్ లైబ్రరీ మీద కట్టారు. తప్పు రాస్తే వచ్చే ఎర్రర్ మెసేజ్ యూజర్‌కి చూపించేలా ఉండదు, మనమే రాసుకోవాలి. అసలు సుఖమంతా నెక్స్ట్‌మ్యాచ్ ఫంక్షన్‌లో ఉంది. షెడ్యూల్‌నీ ఒక టైమునీ ఇస్తే, ఆ తర్వాత ఎప్పుడు మోగుతుందో చెబుతుంది. సిస్టమ్ గడియారం జోలికి పోదు. కాబట్టి ఫిబ్రవరి 29ని టెస్టు చేయడానికి 2028 దాకా ఆగక్కర్లేదు. ఫిబ్రవరి 30 అని రాస్తే ‘నథింగ్’ అంటుంది, అంటే ఆ వేళ ఎప్పటికీ రాదని.

షెడ్యూల్ టైప్ చేయగానే రాబోయే ఐదు వేళలు చూపించే చిన్న స్క్రీన్ దీంతోనే కట్టాను. ‘0 9 13 * 5’ (ఐదు గళ్లు వరసగా నిమిషం, గంట, తారీఖు, నెల, వారం; * అంటే ఏదైనా సరే) చూస్తే 13వ తేదీ శుక్రవారం పడ్డప్పుడే అనుకుంటారు చాలామంది. తారీఖు, వారం రెండూ ఇస్తే పాత యునిక్స్ క్రాన్ లాగే ఏది కుదిరినా నడిచేస్తుంది, అంటే ప్రతి శుక్రవారమూ, ప్రతి 13వ తేదీ కూడా. ఐదు వేళలు కళ్లముందుంటే ఈ పాఠం ఎవరికీ చెప్పక్కర్లేదు.

టైమ్ జోన్ అంతా యూటీసీ, అంటే మన టైముకి ఐదున్నర గంటలు వెనక. ఉదయం 9కి కావాలంటే 3:30 రాయాలి, అది పర్లేదు. కానీ మన సోమవారం తెల్లవారుజాము 2 గంటలంటే అక్కడ ఆదివారం రాత్రి 8:30, వారం అంకె కూడా మార్చాలి. ఒకటో తారీఖు అర్ధరాత్రి 12:30 మరీ ఇరకాటం. అక్కడ అది ముందు నెల ఆఖరి రోజు, ఆ మాట ఐదు గళ్లలో చెప్పే దారి లేదు. నెక్స్ట్‌మ్యాచ్‌కి ఐదున్నర గంటలు కలిపిన టైము ఇచ్చి, వచ్చిన జవాబులోంచి అంతే తీసేస్తే గొడవ తీరిపోతుంది. అమెరికా క్లయింటుకి మాత్రం వేసవిలో గడియారం జరుగుతుంది కాబట్టి ఈ చిట్కా పనికిరాదు.

ఇక పనుల్ని వేళకు నడిపే ఎగ్జెక్‌షెడ్యూల్ ఫంక్షన్. ఒక్కో పనికి ఒక్కో థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో విడిగా నడిచే పాయ) పెట్టి నిమిషానికోసారి చూసుకుంటుంది, వేళైతే పనిని కొత్త థ్రెడ్‌లో వదులుతుంది. పాతది అయిందా లేదా పట్టించుకోదు. ఐదు నిమిషాలకోసారి నడవాల్సిన పని ఏడు నిమిషాలు లాగితే రెండు కాపీలు ఒకే డేటాబేస్ టేబుల్ మీద పడతాయి. సర్వర్ ఆగినప్పుడు తప్పిన వేళ తప్పినట్టే, దేన్నీ ఎక్కడా రాసిపెట్టదు. ఫైళ్లు ఊడ్చే పనికి ఇది చాలు, ఇవాళ్టికీ దానికదే వాడుతున్నాం. రిపోర్టులకు మాత్రం చివరిసారి నడిచిన వేళను పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉంచి, అక్కణ్నుంచి నెక్స్ట్‌మ్యాచ్‌ని అడిగే లూప్ సొంతంగా రాసుకున్నాం. యాభై లైన్లు కూడా లేదు.