మాస్కోలో స్క్రియాబిన్ ఇల్లు చూసొచ్చాం

మాస్కో వెళ్లిన మనవాళ్లు చాలామంది క్రెమ్లిన్ చూసి, ఆర్బాత్ వీధిలో చెక్కబొమ్మలు కొనుక్కుని వచ్చేస్తారు. ఆ ఆర్బాత్ పక్క సందులోనే, వఖ్తాంగొవ్ థియేటర్‌కి దగ్గర్లో, రష్యన్ స్వరకర్త, పియానో విద్వాంసుడు అలెగ్జాండర్ స్క్రియాబిన్ చివరి మూడేళ్లు కాపురమున్న ఇల్లుంది. పియానో అంటే ఇష్టమున్నవాళ్లు సగం రోజు దీనికే పెట్టుకోవాలి.

1912లో అద్దెకు దిగాడు. 1915 ఏప్రిల్లో పెదవి మీద లేచిన చిన్న గడ్డ విషమించి, 43 ఏళ్లకే ఈ ఇంట్లోనే పోయాడు. 1922లో మ్యూజియం అయింది. సామాను చాలావరకు ఆయనదే కాబట్టి ఎగ్జిబిషన్‌లా అనిపించదు, ఎవరింటికో వెళ్లినట్టే ఉంటుంది.

పనిగదిలో బెక్‌స్టైన్ అనే జర్మన్ కంపెనీ పియానో ఉంది. నేను ఎక్కువసేపు నిలబడిపోయింది మాత్రం రంగుదీపాల పరికరం దగ్గర. గుండ్రటి చెక్కపలక, దాని అంచున వరసగా రంగు బల్బులు, అంతే. ఆయనకు ప్రతి స్వరానికీ ఒక రంగుండేది: పాశ్చాత్య స్వరాల్లో సి ఎరుపు, డి పసుపు. 'ప్రొమిథియస్' అనే తన ఆర్కెస్ట్రా రచనలో వెలుగు కోసం విడిగా ఒక వరస స్వరాలే రాశాడు. 1911లో మాస్కో తొలి ప్రదర్శన ఆ దీపాలు లేకుండానే జరిగింది. 1915 మార్చిలో న్యూయార్క్‌లో రంగులతో వాయించారు గానీ అక్కడ ఆయన లేడు. ఇంట్లో స్నేహితుడు మోజర్ చేసిచ్చిన ఈ పలక మీదే ఆ కల చూసుకున్నాడు. నాకు గొంతు పూడుకుపోయింది.

హిమాలయాల దిగువన వారం రోజులు సాగే 'మిస్టీరియం' అనే మహాక్రతువు చేయాలనుకున్నాడు, పూర్తికాలేదు. మన హైదరాబాద్‌లో నిజాం ఆదరణ పొందిన సూఫీ గాయకుడు ఇనాయత్ ఖాన్ మాస్కోలో ఉన్నప్పుడు ఈయన్ని కలిశాడు. ఆ సంగతి ఇక్కడ గుర్తొస్తే ఇల్లు ఇంకా దగ్గరిదనిపిస్తుంది.

వివరాలు ఎక్కువగా రష్యన్‌లోనే ఉన్నాయి, ఫోన్‌లో అనువాదం యాప్ ఉండాలి. కోటు కింద ఇచ్చేసి వెళ్లాలి. గదిలో కూర్చున్న పెద్దావిడ మా ఆసక్తి చూసి, భాష రాకపోయినా చేతులతోనే ఓపిగ్గా అన్నీ చూపించింది.

నొవొదెవిచీ శ్మశానంలో ఉన్న ఆయన సమాధికి మెట్రోలో వెళ్లాలి, తీరికుంటేనే. మాస్కోలోనే వేరేగా ఉన్న సంగీత మ్యూజియంలో ఆయన పేరులోని తొలి అక్షరాలతో పిలిచే ఏఎన్‌ఎస్ సింథసైజర్ (ఎలక్ట్రానిక్ వాద్యం) ఉంది. తార్కోవ్‌స్కీ తీసిన 'సొలారిస్' సినిమా సంగీతానికి వాడింది అదే. సంగీతంలో సాంకేతికత మీద మక్కువ ఉన్నవాళ్లు దాన్ని వదలొద్దు.

బస విషయంలో ఖర్చు చూసుకోకుండా ఆర్బాత్ దగ్గరే దిగండి. మేం మొదట ఊరి చివర చవక హోటల్లో దిగాం. విదేశీయులకు తప్పనిసరైన రిజిస్ట్రేషన్ కాగితం ఇవ్వడానికి కౌంటర్ దగ్గర పదేపదే తిప్పించుకున్నారు, వేడినీళ్లూ అంతంతమాత్రమే. తర్వాత మారిన చోట అద్దె ఎక్కువే గానీ స్క్రియాబిన్ ఇంటికీ, కన్సర్వేటరీ (సంగీత కళాశాల) కచేరీలకూ నడిచే వెళ్లాం. మన వీసా, మాస్టర్ కార్డులు అక్కడ పనిచేయవు, నగదు తీసుకెళ్లాలి. శాకాహారులకు జార్జియన్ హోటళ్లే దిక్కు: వాళ్ల రాజ్మా కూర, చీజ్ రొట్టె బాగుంటాయి. మ్యూజియంలోనే చిన్న హాల్లో కచేరీలు జరుగుతాయి, ఆ టికెట్లు ముందే కొనుక్కోండి.