ఫ్లోరెన్స్ వెళ్లే మగ జంటలు జాగ్రత్త: "మీరే క్యాన్సిల్ చేసుకోండి" అంటే చేయకండి

ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది, అందుకే ఈ రాత్రే రాస్తున్నాను. మనందరం వాడే ఆ యాప్‌లోనే, మంచి రేటింగ్ చూసి, శాంటా క్రోచే చర్చి దగ్గర సందుల్లో రూమ్ బుక్ చేశాం. డబ్బంతా ముందే కట్టేశాం. ఉదయం రోమ్ నుంచి రైల్లో వచ్చి శాంటా మరియా నొవెల్లా స్టేషన్‌లో దిగి, రాళ్లు పరిచిన వీధుల్లో సూట్‌కేసులు ఈడ్చుకుంటూ అక్కడికి చేరాం. మధ్యాహ్నానికి అకాడెమియా మ్యూజియం టికెట్లు ఉన్నాయి, టైమ్ ప్రకారం లోపలికి వెళ్లాలి. మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ ఉండేది అక్కడే. నేను ఇటలీ వచ్చిందే దానికోసం.

తలుపు తీసినాయన నవ్వుతూనే తీశాడు. పాస్‌పోర్టులు అడిగితే ఇచ్చాం. ఇటలీలో ఎక్కడ దిగినా అతిథుల వివరాలు 24 గంటల్లో పోలీసులకు పంపాలి కాబట్టి అది మామూలే. ఫోన్‌లో బుకింగ్ చూసి, మా ఇద్దరి ముఖాలు చూసి, "కృష్ణ ఎవరు?" అన్నాడు. మావాడు చెయ్యెత్తాడు. అక్కడ ఆడవాళ్ల పేర్లు ఎక్కువగా అలా "అ" శబ్దంతోనే ముగుస్తాయి, అందుకని భార్యాభర్తలం వస్తున్నామనుకున్నాడట. నవ్వు అక్కడితో ఆగిపోయింది.

"రూమ్‌లో ఒకటే మంచం ఉంది" అన్నాడు. తెలుసు, అదే బుక్ చేశాం అన్నాను. "మీరు అన్నదమ్ములా?" కాదండీ, మేమిద్దరం జంట అన్నాను. హైదరాబాద్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నప్పుడు కజిన్స్‌మని చెప్పాం, వేరే దారి లేక. ఇంత దూరం వచ్చి, మా డబ్బుతో మేం తీసుకున్న గది గుమ్మంలో ఆ అబద్ధం మళ్లీ చెప్పాలనిపించలేదు.

అప్పుడన్నాడు: "ఫ్రెండ్స్ అని ఉంటే వేరే రూమ్ సర్దేవాణ్ణి. పైన ఒక కుటుంబం దిగింది, వాళ్లకు పిల్లలున్నారు."

పిల్లలున్నారట. కృష్ణ పదేళ్లుగా బడిలో పిల్లలకు లెక్కలు చెబుతున్నాడు. ఆ మాట వినగానే వాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఏమీ అనలేదు, సూట్‌కేసు హ్యాండిల్ పైకీ కిందకీ లాగుతూ నిలబడ్డాడు. మా పాస్‌పోర్టులేమో ఇంకా ఆయన చేతిలోనే! వాటితో రెండో అరచేతిని తట్టుకుంటూ మాట్లాడుతున్నాడు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది అదే.

తరువాత గొంతు మెత్తగా చేసి, "మీరే యాప్‌లో క్యాన్సిల్ చేసుకోండి, డబ్బు సంగతి నేను చూసుకుంటా" అన్నాడు. వచ్చిన రోజున మనం క్యాన్సిల్ చేస్తే మన బుకింగ్ షరతు ప్రకారం పైసా వెనక్కి రాదు. ఆయన క్యాన్సిల్ చేస్తే మొత్తం తిరిగివ్వాలి. చేయమని చెప్పాం. పాస్‌పోర్టులు చేతిలో పెట్టి తలుపేసేశాడు. మేం ఇంకా ఆ వీధి దాటకముందే యాప్‌లో మెసేజ్ వచ్చింది, అతిథులు రాలేదని పెట్టేశాడు! ఎదురుగా నిలబడి మాట్లాడిన మనుషుల్ని రాలేదని రాయడానికి చెయ్యెలా వచ్చిందో.

ఈ గొడవలో అకాడెమియా టైమ్ దాటిపోయింది. సామాన్లతో పియాజ్జా డెల్లా సిన్యోరియా అనే కూడలికి వెళ్లి, అక్కడి టౌన్ హాల్ పలాజ్జో వెక్కియో ముందున్న నకలు డేవిడ్‌ని చూశాం. అసలుదాన్ని 1873లోనే అక్కణ్ణుంచి తరలించారు. ఈ ఊళ్లో 1432 నుంచి 1502 వరకు మగవాళ్ల మధ్య సంబంధాలను పట్టుకోడానికే ప్రత్యేకంగా అధికారులుండేవారు. 1476లో లియొనార్డో డా విన్సీ మీద కూడా ఎవరో పేరు రాయకుండా ఫిర్యాదు పడేశారు, తరువాత కేసు కొట్టేశారు. మైకెలాంజెలో ఒక మగవాడికి రాసిన కవితలను 1623లో అచ్చువేసేటప్పుడు ఆయన తమ్ముడి మనవడే ఆడమనిషికి రాసినట్టు మార్చేశాడు. ఆ కుటుంబం పేరుతో ఉన్న మ్యూజియం కూడా శాంటా క్రోచే దగ్గరే. "ఫ్రెండ్స్ అని ఉంటే" అన్నది కూడా అదే పని కదా? మమ్మల్ని దిద్దితే తప్ప లోపలికి రానివ్వడు.

ఫ్లోరెన్స్ ఉన్న టస్కనీ ప్రాంతం మగవాళ్ల మధ్య సంబంధాలను నేరాల జాబితాలోంచి తీసేసింది 1853లో. మనకు 2018 దాకా పట్టింది. ఇలాంటి వివక్షకు వ్యతిరేకంగా టస్కనీ 2004లోనే చట్టం చేసుకుంది, 2016 నుంచి ఇటలీ అంతటా మాలాంటి జంటలకు సివిల్ యూనియన్ అనే చట్టబద్ధ గుర్తింపు ఉంది. అలాంటి చోట మాకు ఈ మాట పడింది. ఊరంతా అలా లేదు, అదీ చెప్పాలి. స్టేషన్ పక్కన హోటల్లో రిసెప్షన్ అమ్మాయి "డబుల్ బెడ్డే కదా?" అని మాత్రమే అడిగి తాళం ఇచ్చింది. రేటు మాత్రం రెట్టింపు.

వెళ్లేవాళ్లు బుక్ చేసేముందే "మేం ఇద్దరు మగవాళ్లం, డబుల్ బెడ్ కావాలి" అని యాప్ చాట్‌లోనే రాయించుకోండి, ఫోన్‌లో వద్దు. తేడా వస్తే ఆ గుమ్మం ముందు నిలబడే యాప్ సపోర్ట్‌కి కాల్ చేయండి. 2025 నుంచి ఇలాంటి వసతులన్నిటికీ సీఐఎన్ అనే ప్రభుత్వ గుర్తింపు కోడ్ ఉంటుంది, ప్రకటనలోనూ భవనం బయటా కనపడాలి, దాన్ని ఫోటో తీసుకోండి. ఫిర్యాదుకు అక్కడి ప్రభుత్వ వివక్ష నిరోధక కార్యాలయం ఉనార్ ఉంది, ఇటలీలో ఉచిత నంబర్ 800 90 10 10. మేం రేపు చేస్తున్నాం. యాప్ వాళ్లు ఇంకా "పరిశీలిస్తున్నాం" అనే అంటున్నారు. డబ్బు వచ్చినా రాకపోయినా ఇక్కడే రాస్తాను.