సమాచార హక్కు చట్టం: పద్నాలుగేళ్లు వాడిన తర్వాత

నా బీరువా కింది అరలో రెండు లావుపాటి ఫైళ్లున్నాయి. 2011 నుంచి మా పట్టణంలోని కార్యాలయాలకు నేను పెట్టిన నలభై ఒక్క సమాచార హక్కు దరఖాస్తులు, వాటికి వచ్చిన జవాబులు, జవాబు రాని వాటికి పెట్టిన అప్పీళ్లు అన్నీ వాటిలోనే ఉన్నాయి. నేను ఇంటి దగ్గర ట్యూషన్లు చెప్పుకునే మనిషిని, లా చదవలేదు. అందుకే కొత్తగా దరఖాస్తు పెట్టాలనుకునే వాళ్లు నా దగ్గరికి వచ్చి, "ఇది నిజంగా పని చేస్తుందా అమ్మా?" అని అడుగుతుంటారు. పని చేస్తుంది. కాలువలో పూడిక అది తీయదు, కుళాయిలో నీళ్లు అది తెప్పించదు. ఏ పనికి, ఏ తేదీన, ఏ కొలతకు ఎవరు సంతకం పెట్టారో మాత్రం కళ్లకు చూపిస్తుంది. ఆ కాగితం పట్టుకుని వెళ్లిన రోజున అదే కార్యాలయంలో మనకు కుర్చీ వేస్తారు.

నా మొదటి దరఖాస్తు వృథా అయింది. 2010 వేసవిలో మా వీధికి సీసీ రోడ్డు వేశారు. మరుసటి వానాకాలానికే కంకర తేలింది. "ఏడాది తిరక్కుండానే రోడ్డు ఎందుకు పాడైంది? బాధ్యులపై ఏం చర్య తీసుకుంటారు?" అని పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి కోపంగా రాశాను. ఇరవై తొమ్మిదో రోజున ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది: మీరు కోరినది సమాచారం నిర్వచనంలోకి రాదు. చాలా బాధపడ్డాను. కానీ చట్టప్రకారం వాళ్లు రాసింది సరైనదే. కార్యాలయంలో ఉన్న రికార్డు ఇవ్వాలే తప్ప, మనకోసం అభిప్రాయాలు, కారణాలు తయారు చేసి ఇవ్వనక్కర్లేదని సుప్రీంకోర్టు కూడా 2011 ఆగస్టులోనే తేల్చి చెప్పింది. నా నలభై ఒక్క దరఖాస్తుల్లో వృథా అయిన వాటన్నిటిలోనూ దాదాపు ఇదే తప్పు. 'ఎందుకు' అని అడిగితే తలుపు మూసుకుంటుంది. ఫలానా పత్రం ఇవ్వండి అంటే తెరవక తప్పదు.

సెప్టెంబరులో మళ్లీ రాశాను. ఆ రోడ్డు పనికి సంబంధించిన అంచనా, కాంట్రాక్టరుతో ఒప్పందం, ఇంజినీర్లు ఎం.బుక్ అని పిలిచే కొలతల పుస్తకంలోని పేజీలు, నాణ్యత పరీక్ష నివేదిక, తుది బిల్లు. వీటి ధ్రువీకరించిన నకళ్లు కావాలి, అసలు ఫైలు చూడడానికి తేదీ చెప్పండి అన్నాను. ముప్ఫై రోజులు గడిచినా ఉలుకూ పలుకూ లేదు. అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు పెడితే పన్నెండో రోజున కబురు వచ్చింది. మొత్తం 34 పేజీలు, పేజీకి 2 రూపాయల చొప్పున 68 రూపాయలు కట్టమన్నారు. గడువు దాటాక ఇచ్చే సమాచారానికి రుసుము తీసుకోకూడదని సెక్షన్ 7(6) చెబుతుంది. ఆ పేజీ చూపించాను. గుమస్తా గారు లోపలికి వెళ్లి అడిగి వచ్చి, నకళ్లు ఉచితంగానే చేతిలో పెట్టారు.

ఈ చట్టంలో ఎవరూ వాడని మంచి భాగం ఒకటుంది. నకళ్లు అడగడం అందరికీ తెలుసు. పనులను, రికార్డులను స్వయంగా తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనాలు తీసుకునే హక్కు కూడా సెక్షన్ 2(జె) మనకిచ్చింది. రికార్డులు చూడడానికి మన రాష్ట్రాల నిబంధనల ప్రకారం మొదటి గంట ఉచితం. డిసెంబరులో నేను ఫైలు చూడడానికి వెళ్తూ మా వీధి చివర ఉండే తాపీ మేస్త్రి గారిని వెంట తీసుకెళ్లాను. ఆయన ఎం.బుక్‌ను ముందు కళ్లకు దగ్గరగా పెట్టుకుని, తర్వాత చేయి చాపి దూరంగా పట్టుకుని చదివారు. పొడవు 142 మీటర్లు, వెడల్పు 3, మందం 0.15, మొత్తం 63.9 ఘనపు మీటర్లు. పొడవు వెడల్పులు సరిగ్గా ఉన్నాయి. మందం దగ్గర ఆయన వేలు ఆగింది. "పదిహేను సెంటీమీటర్లట. పదండి అమ్మా, చూద్దాం" అన్నారు.

కల్వర్టు పక్కన రోడ్డు అంచు విరిగి నిలువుగా కనబడుతున్న చోట ఆయన మోకాళ్ల మీద కూర్చుని, మట్టిని చేత్తో తుడిచి స్టీలు టేపు ఆనించారు. పదకొండు. నాలుగు బారల అవతల ఇంకో చోట పదిన్నర. సగటున పదకొండే అనుకున్నా, ఆ వీధిలో పడాల్సిన కాంక్రీటులో 17 ఘనపు మీటర్లు పడలేదు. దానికీ బిల్లు చెల్లించారు. మాకు అన్నిటికన్నా ఉపయోగపడింది మాత్రం ఒప్పందంలోని ఒక తేదీ. పని పూర్తయినప్పటి నుంచి 24 నెలల వరకు లోపాలకు కాంట్రాక్టరే బాధ్యుడు, అప్పటిదాకా అతని డిపాజిట్ కార్యాలయం దగ్గరే ఉంటుంది. ఆ గడువుకు ఇంకా ఐదు నెలలుంది. డిపాజిట్ విడుదల చేయవద్దని, మా ఎదుటే మందం పరీక్షించాలని నలభై రెండు సంతకాలతో అర్జీ రాసి, నకళ్లు జతచేసి, పురపాలక కార్యాలయంలో ఒకటి, సోమవారం కలెక్టరేట్‌లో ఒకటి ఇచ్చాం. అంతకు ముందు అదే సోమవారం అర్జీల్లో మూడుసార్లు మొర పెట్టుకుంటే 'పరిష్కరించబడినది' అని కాగితం వచ్చింది. ఈసారి మార్చిలో యంత్రంతో వచ్చి రోడ్డులోంచి గుండ్రటి ముక్కలు కోసి కొలిచారు. ఏప్రిల్‌లో బాగా దెబ్బతిన్న అరవై మీటర్లు కాంట్రాక్టరు ఖర్చుతోనే తవ్వి మళ్లీ వేశారు. ఆ కొలతకు సంతకం పెట్టిన వాళ్లపై ఏ చర్యా లేదు. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

అప్పట్లో ఇంకో పని చేశాం. ఎం.బుక్ పేజీలను ఒక సాయంత్రం రామాలయం అరుగు మీద బిగ్గరగా చదివాం. రాజస్థాన్‌లో 1994లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం వాళ్లు ఊరి పనుల బిల్లులను, కూలీల హాజరు పట్టీలైన మస్టర్లను జనం మధ్య చదివి వినిపించారు. 'మా డబ్బు, మా లెక్క' అన్న వాళ్ల నినాదం నుంచే ఈ చట్టానికి దారి పడింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ పనులకు జరిగిన సామాజిక తనిఖీలోనూ ఆ పద్ధతే. పట్టణాల్లో అలాంటి ఏర్పాటు లేదు గనుక మేమే చేసుకున్నాం. అది విన్నాకే సంతకాలు పెట్టడానికి జనం ముందుకొచ్చారు. తన ఇంటి ముందు పోయని కాంక్రీటు పోసినట్టు రాశారని వినగానే, అంతవరకు "మనకెందుకు" అన్న పెద్దాయన కూడా కలం అడిగారు.

మంచినీళ్ల విషయంలో క్లోరిన్ పరీక్షల రిజిస్టరు అడిగి చూశాను. కుళాయి నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. రిజిస్టరులో ప్రతి రోజూ సరిగ్గా 0.2 అని, ఒకే కలంతో, ఒకే దస్తూరీతో ఉంది. పైపు పగిలి మూడు రోజులు నీళ్లే రాని తేదీల్లోనూ అదే అంకె. ఆ మూడు వరుసల కింద గీత గీసి నకలు తీసుకున్నాను. పసిపిల్లలు తాగే నీళ్ల లెక్క ఇలా రాసుకుంటారా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నెల తర్వాత చివరి వీధుల్లో ఇళ్ల కుళాయిల దగ్గరే పరీక్ష చేయడం మొదలుపెట్టారు. ఇప్పటికీ చేస్తున్నారు.

ఇక ఈ చట్టం నన్ను నిరాశపరిచింది రాష్ట్ర సమాచార కమిషన్‌కు పెట్టే రెండో అప్పీలు దగ్గర. వీధి దీపాల నిర్వహణ ఒప్పందం కోసం పెట్టిన అప్పీలు పందొమ్మిది నెలలకు విచారణకు వచ్చింది. సమాచారం ఇమ్మని ఆదేశమిచ్చారు. అప్పటికి ఆ ఒప్పందమే ముగిసిపోయింది. రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా వేసే అధికారం సెక్షన్ 20లో ఉంది. నా నలభై ఒక్క దరఖాస్తుల్లో ఒక్కసారి కూడా అది పడలేదు. ఖాళీలు రాకముందే సమాచార కమిషనర్ల నియామకం మొదలుపెట్టాలని సుప్రీంకోర్టు 2019లో చెప్పినా, తెలంగాణలో 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా కమిషన్‌లో కమిషనర్లే లేరు. జరిమానా పడదన్న ధైర్యం కింది కార్యాలయం దాకా పాకుతుంది. నా అనుభవంలో జవాబు ఆలస్యం కావడానికి అసలు కారణం అదే.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారానికి మినహాయింపునిచ్చే సెక్షన్ 8(1)(జె)ని మార్చడం నాకు ఇంకా పెద్ద భయం. చట్టసభకు ఇవ్వకుండా ఉండలేని సమాచారాన్ని పౌరుడికీ నిరాకరించరాదన్న మాట అందులో ఉండేది. దాన్ని తీసేశారు. ఎం.బుక్‌లో సంతకం పెట్టిన వ్యక్తి పేరు వ్యక్తిగత సమాచారం అంటే మనం ఎవరిని నిలదీయాలి? ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చన్న సెక్షన్ 8(2) మిగిలే ఉంది. ఇప్పుడు ప్రతి దరఖాస్తులోనూ దాన్ని రాస్తున్నాను.

కొత్తవాళ్లకు ఒక్క మాట. తెలుగులోనే రాయండి, కారణం చెప్పనక్కర్లేదు. గ్రామ స్థాయి కార్యాలయాలకు రుసుమే లేదు, మండల స్థాయికి 5 రూపాయలు. కార్యాలయం తప్పుగా రాసినా ఐదు రోజుల్లో సరైన చోటికి పంపే బాధ్యత వాళ్లదే. ఒంటరిగా మాత్రం వెళ్లవద్దు. పుణే దగ్గర తలేగావ్‌లో సమాచార హక్కు కార్యకర్త సతీశ్ శెట్టిని 2010లో చంపేశారు. మాకూ ఒకసారి రాత్రి పూట ఫోను వచ్చింది. అప్పటి నుంచి మా వీధిలో ఐదుగురి పేర్లతో వేర్వేరుగా పెడుతున్నాం. డబ్బు గుంజడానికి దీన్ని వాడే వాళ్లను మాత్రం దగ్గరకు రానివ్వవద్దు. వాళ్ల వల్ల నిజంగా అడిగే వాళ్లను కూడా కార్యాలయాలు అనుమానంగా చూస్తున్నాయి.

ప్రస్తుతం నలభై ఒకటోది నడుస్తోంది. వర్షాలకు ముందు పెద్ద కాలువలో పూడిక తీశామని బిల్లు చేశారు. కాలువ అలాగే ఉంది. పూడిక మోసిన ట్రాక్టర్ల ట్రిప్ షీట్లు అడిగాను. తనిఖీకి వచ్చే బుధవారం పదిన్నరకు రమ్మన్నారు. తేదీలు, బండి నంబర్లు ముందుగా రాసుకోవాలి.