1100 వాట్ల మోటారు, 0.01 మి.మీ. స్కేలు: అట్టపెట్టె మీది అంకెలు నమ్మి మోసపోయాను

ఇంట్లో చిన్న లేత్ (లోహపు ముక్కను తిప్పుతూ కోసే యంత్రం) పెట్టుకున్నవాళ్ళలో ఎవరికైనా మోటారు మార్చాలన్న ఆలోచన ఉంటే డబ్బు కట్టేముందు ఇది చదవండి. అమ్మినవాడి పేరు రాయడం లేదు. అదే సరుకు నాలుగు రకాల స్టిక్కర్లతో నాలుగు చోట్ల దొరుకుతోంది కాబట్టి, ఒక పేరు తప్పించుకున్నంత మాత్రాన మీరు బయటపడరు.

నాది 7 అంగుళాల స్వింగ్ ఉన్న బల్ల లేత్. అంటే సుమారు 180 మి.మీ. వ్యాసం వరకు తిప్పగలదు. దాంతో వచ్చింది కార్బన్ బ్రష్షుల మోటారు. ఇనప జాబ్ (కోసే ముక్క) మీద 1 మి.మీ. లోతు పెట్టి, స్పీడు తగ్గించి కోస్తే చక్ (ఆ ముక్కను పట్టి తిప్పే భాగం) మూలుగుతూ ఆగిపోయేది. దానికి మందుగా బ్రష్షులు లేని మోటారు, దాని కంట్రోలరు, పళ్ళ పుల్లీ కలిపి ఒక సెట్టు తెప్పించాను. ఎలాగూ కొంటున్నాం కదా అని అదే అమ్మకందారు దగ్గర రెండు డిజిటల్ స్కేళ్ళు (లేత్ భాగం ఎంత జరిగిందో తెర మీద చూపేవి), డయల్ గేజ్ (చిన్న కదలికను సూదితో చూపేది), దాన్ని పట్టి ఉంచే మాగ్నెట్ స్టాండు కూడా తీసుకున్నాను. ఆ ‘ఎలాగూ’ అన్న మాటే నా కొంప ముంచింది.

మోటారు బిగించిన రోజు మహా సంబరం. చప్పుడు లేదు, వాసన లేదు, నాబ్ తిప్పితే వెన్నలా తిరిగింది. రెండో రోజు 40 మి.మీ. కడ్డీ పెట్టి, పాత మోటారు ఏ కోతకు ఆగిపోయేదో అదే కోత పెట్టాను. స్పీడు జారింది, ఎర్ర లైటు వెలిగింది, చక్ ఆగింది. ఇది మూడుసార్లు జరిగాక ప్లగ్గుకీ సాకెట్టుకీ మధ్య వాట్ మీటరు పెట్టి చూశాను. ఆగిపోయే ముందు క్షణంలో కూడా 460 వాట్లు దాటలేదు. ఇలాంటి కంట్రోలర్ల మీద చవక వాట్ మీటరు కాస్త అటూ ఇటూ చూపిస్తుంది, ఒప్పుకుంటాను. సగానికి పైగా మింగేయదు మాత్రం. గోడలోంచి 460 తీసుకునే యంత్రం షాఫ్టు దగ్గర 1100 ఎలా ఇస్తుంది?

అసలు సిగ్గుపడాల్సిన సంగతి వేరే ఉంది. కంట్రోలరు ప్లేటు మీదే ‘220 వోల్టులు, 2.5 ఆంపియర్లు’ అని రాసి ఉంది. గుణిస్తే 550. ఎంత గొప్ప మోటారైనా అంతకు మించి లాగలేదు. ఆ అంకె మొదటి రోజు నుంచీ నా ఎదురుగానే ఉంది. నేను మాత్రం పక్కన లావు అక్షరాల్లో ఉన్న 1100 చూసి మురిసిపోయాను.

అమ్మినవాళ్ళను అడిగితే ‘అది పీక్ పవర్ సార్’ అన్నారు. పీక్ అంటే ఒకటి రెండు క్షణాలు లాగగలిగేది. లేత్‌కు కావలసింది పావుగంట సేపు కోసినా వేడెక్కి ఆగిపోకుండా ఇచ్చేది. కొందరు లేత్‌కు పెట్టుకునే పాత ట్రెడ్‌మిల్ మోటార్ల దగ్గరా ఇదే మాయ. 1 హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. మోటారు మీద 2.5 హార్స్‌పవర్ అని ఉంటే దాని వోల్టులు, ఆంపియర్లు గుణించి చూడండి, చాలాసార్లు లెక్క కుదరదు. మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా: చాలా ట్రెడ్‌మిల్ మోటార్ల ఫ్లైవీల్ (షాఫ్టు మీది బరువైన చక్రం) ఎడమ మర మీద బిగించి ఉంటుంది. లేత్‌లో రివర్స్ తిప్పితే అది తనంతట తానే ఊడివస్తుంది. అలాంటిది కొన్నవాళ్ళు ముందు ఆ ఫ్లైవీల్ సంగతి చూసుకోండి.

అమ్మేవాణ్ణి వాట్లు అడగకండి, టార్క్ (తిప్పే బలం) అడగండి. లెక్క చిన్నదే: వాట్లను 9.55తో గుణించి, నిమిషానికి తిరిగే చుట్లతో భాగిస్తే న్యూటన్ మీటర్లలో టార్క్ వస్తుంది. 1100 వాట్లు, 3000 చుట్లు అయితే 3.5 రావాలి. ‘ఆపకుండా నడిస్తే ఎంత టార్క్?’ అని రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే అదే జవాబు.

ఇంకోటి, ఇది నేను డబ్బు పోగొట్టుకున్నాక నేర్చుకున్నది. ఈ రకం మోటారులో స్పీడు తగ్గిస్తే టార్క్ దాదాపు అలాగే ఉంటుంది, పెరగదు. 3000 నుంచి 600కు దించితే చేతికొచ్చే పవర్ అయిదో వంతే. అదే పుల్లీతో స్పీడు సగానికి దించితే టార్క్ రెట్టింపవుతుంది. నా బాధంతా తక్కువ స్పీడులో బలం లేకపోవడమే కాబట్టి పాత మోటారు అలాగే ఉంచి పుల్లీ ఒక్కటి మార్చుకున్నా చాలావరకు తీరేది. పోనీ నిజంగానే బలమైన మోటారు వచ్చినా, ఇలాంటి చాలా లేత్‌ల హెడ్‌స్టాక్ (చక్‌ను తిప్పే పెట్టె) లోపల ప్లాస్టిక్ గేర్లే ఉంటాయి. చక్ ఇరుక్కుంటే ముందు వాటి పళ్ళే రాలతాయి.

డబ్బు పోతే పోయింది, కానీ కంట్రోలరు విషయం అలా వదిలేసేది కాదు. ఒకరోజు పని మధ్యలో కరెంటు పోయింది. తిరిగి రాగానే చక్ దానంతట అదే తిరగడం మొదలుపెట్టింది! అప్పుడు నా చెయ్యి టూల్ పోస్ట్ (కోసే పనిముట్టును పట్టి ఉంచేది) దగ్గర ఉంది. పాత లేత్‌లో కరెంటు వచ్చినా పచ్చ బటన్ నొక్కేదాకా కదలని స్విచ్ ఉండేది. కొత్త సెట్టు బిగించేటప్పుడు వాళ్ళ వైరింగ్ బొమ్మ చూసి ఆ స్విచ్‌ను నేనే పక్కన పెట్టాను. మీ దగ్గర అలాంటి సెట్టు ఉంటే ఇవాళే చూడండి. చక్ కీ తీసేసి, జాబ్ లేకుండా, దూరంగా నిలబడి, మోటారు తిరుగుతుండగా గోడ స్విచ్ ఆపి మళ్ళీ వేయండి. తిరిగిందంటే నా పాత లేత్‌లో ఉన్నలాంటి స్విచ్ (నో వోల్ట్ రిలీజ్ స్విచ్ అంటారు) పెట్టేదాకా వాడకండి. నా కంట్రోలరు పెట్టెకు పైభాగాన గాలి రంధ్రాలున్నాయి, ఇనప రజను పడటానికి అంతకన్నా మంచి దారి ఉండదు. ఎర్త్ తీగ బిగించే చోటే లేదు. లోపల చూద్దామని విప్పేవాళ్ళకు ఒక మాట: 220 వోల్టుల కరెంటు డీసీగా మారాక లోపలి కెపాసిటర్లో సుమారు 310 వోల్టులు ఉంటాయి. ప్లగ్ పీకిన వెంటనే అది పోదు. కొన్ని నిమిషాలు ఆగి, మీటరుతో చూసి, అప్పుడు చెయ్యి పెట్టండి.

ఇక స్కేళ్ళ కథ. తెర మీద 0.01 మి.మీ. వరకు అంకెలు కనిపిస్తాయి. కనిపించడం వేరు, నిజం కావడం వేరు. తెలిసినాయన దగ్గర 100 మి.మీ. గేజ్ బ్లాకు (కచ్చితమైన కొలతకు చేసిన దిమ్మ), ఆయన పాత డయల్ గేజ్ తెచ్చి క్యారేజీని (లేత్ పొడవునా జరిగే భాగాన్ని) సరిగ్గా అంత దూరం జరిపితే నా స్కేలు 99.93 చూపించింది. మోటారు ఆన్ చేస్తే ఆఖరి రెండు అంకెలు ఎగరడం మొదలు. ఫోటో పంపితే ‘మీరు వంకరగా బిగించారు’ అన్నారు. సరే, లెక్క చూద్దాం. స్కేలు 100 మి.మీ.కు 1 మి.మీ. వంకరగా ఉంటే వచ్చే తేడా 0.005 మాత్రమే. 0.07 రావాలంటే సుమారు 3.7 మి.మీ. వంకర ఉండాలి. అంత వంకర కళ్ళజోడు లేకుండానే కనిపిస్తుంది! ఈ లెక్క పంపాక వాళ్ళ నుంచి జవాబు రాలేదు.

క్రాస్ స్లైడ్‌కు (పనిముట్టును జాబ్ మధ్యకు అడ్డంగా జరిపే భాగానికి) ఇలాంటి స్కేలు పెట్టేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అక్కడి తప్పు వ్యాసంలో రెట్టింపవుతుంది.

గేజ్ బ్లాకులు దొరకనివాళ్ళు మంచి కంపెనీ కొత్త 6206 బేరింగు ఒకటి దగ్గర పెట్టుకోండి. బయటి వ్యాసం 62 మి.మీ., అంతకన్నా మహా తగ్గితే 13 మైక్రాన్లు, అంటే 0.013 మి.మీ. మీ వెర్నియర్ కాలిపర్‌ను దాని మీద పెట్టి చూస్తే నిజం బయటపడుతుంది. మాగ్నెట్ స్టాండుకు పరీక్ష ఇంకా తేలిక: గేజ్ సూదిని సున్నా మీద పెట్టి, స్టాండు చేతిని వేలితో మెల్లగా తోసి వదలండి. సూది మళ్ళీ సున్నాకు రావాలి. నాది 0.04 దగ్గర ఆగి అక్కడే స్థిరపడిపోయింది. హ్యాండిల్ దగ్గరి అంగుళాల డయళ్ళు విడిగా కొనేవాళ్ళు స్క్రూ పిచ్ (ఒక చుట్టుకు కదిలే దూరం) కూడా చూసుకోండి. 1 మి.మీ. పిచ్ స్క్రూ మీద 40 గీతల (గీతకు 0.001 అంగుళం) డయల్ బిగించి వదిలేసే యంత్రాలున్నాయి. పది చుట్లు తిప్పితే డయల్ 0.400 అంగుళం అంటుంది, అంటే 10.16 మి.మీ. కదిలింది మాత్రం 10.

వాపసు అడిగితే ‘బిగించిన సరుకు తీసుకోం’ అన్నారు. మోటారు ప్లేటుకు కొత్త రంధ్రాలు వేసింది నేనే కాబట్టి గట్టిగా వాదించే దారీ లేకపోయింది. మీరు మాత్రం డ్రిల్లు చేతికి తీసుకునే ముందే పెట్టె విప్పడం దగ్గరనుంచి వీడియో తీయండి. ప్లేటు మీది వోల్టులూ ఆంపియర్లూ గుణించండి. స్కేలును బల్ల మీదే బ్లాకుతో పరీక్షించండి. వాపసు గడువు ఏ రోజుతో ముగుస్తుందో గోడ మీద రాసుకోండి.

ప్రస్తుతం పాత మోటారే మళ్ళీ లేత్ మీదకు ఎక్కింది, పెద్ద పుల్లీతో, పాత స్విచ్‌తో. అదే 1 మి.మీ. కోత ఆగకుండా పోతోంది. ఆ ‘1100 వాట్ల’ మోటారుకు బఫింగ్ (మెరుగుపెట్టే) చక్రం తగిలించాను, స్విచ్ కూడా మార్చి. స్కేలు ఒకటి టెయిల్‌స్టాక్ (చక్‌కు ఎదురుగా ఉండే భాగం) మీద ఉంది, డ్రిల్లు ఎంత లోతు దిగిందో చూడటానికి. రెండోది ఇంకా పెట్టెలోనే ఉంది.